జాలమా, వనమా?

వంటయింట పనిచేయుచున్న యిల్లాలు కాలిన పెనమును పొరపాటున తాకినచో చేయి తటాలున వెనుకకు వచ్చును. "అమ్మా" యను కేక వెలువడుట ఆ తరువాత. కాలినదన్న యెఱుక కలుగుటయు చేయి వెనుదీసిన పిమ్మటనే. ప్రతిదినము మన యిండ్లలో జరుగు సంగతియే యిది; దీనిని గూర్చి విచారించువారు మాత్రము అరుదు. చేతిని వెనుకకు తీయుమని యాజ్ఞాపించిన వారెవరు? ఇంటి యజమానురాలికి తెలియకయే ఆమె చేతిని కదల్పగల యధికారము ఆమె శరీరములో ఎవరికి గలదు?

తలకు సంబంధించిన మాటలు మన భాషలో పెక్కు కలవు. కష్టము వచ్చినచో తలరాత యందుము. పిల్లవానికి చదువబ్బకున్నచో వాని తలలో మట్టియున్నదందుము. తలలో నిజముగా నేమున్నదో, అది యెట్లు పనిచేయునో తెలిసికొనుటకై ఐరోపాఖండమున రమారమి ఎనుబదియేండ్లు గొప్ప వివాదము నడచెను. ఆ వివాదచరిత్రమును మా చదువరులకు విన్నవింపవలయునని యీ వ్యాసము వ్రాయుచున్నాము. ఇది వైద్యులకు మాత్రమే పనికివచ్చు విషయము కాదు. ఒక యభిప్రాయమును చిరకాలము నమ్మిన మనుష్యుడు, దానికి విరుద్ధమైన సాక్ష్యము కన్నులయెదుట నిలిచినప్పుడు ఏమి చేయుననునది యిందలి ముఖ్యప్రశ్న. ఆ ప్రశ్న ప్రతిగృహమునకును సంబంధించినదే.

మొదట ఆనాటి స్థితిని తెలిసికొందము. 1838, 1839 సంవత్సరములలో ష్లైడెన్, ష్వాన్ అను నిరువురు జర్మను పండితులు, వృక్షములును జంతువులును కణములనబడు సూక్ష్మభాగములచేత నిర్మితములని ప్రకటించిరి. గోడకు ఇటుక యెట్లో, శరీరమునకు కణ మట్లు. చర్మము, కాలేయము, కండరము మొదలగునవన్నియు నీ నియమమునకు లోబడెను. మెదడొక్కటి లోబడలేదు. మెదడు మిగుల మెత్తనిది. దానిని గట్టిపఱచి, పలుచగా కోసి, సూక్ష్మదర్శినిక్రింద నుంచినను చిక్కువడిన నూలుకండెవలె కానవచ్చెను గాని, ఏ పోగు ఎచ్చట పుట్టి ఎచ్చట ముగిసినదో తెలియరాలేదు. 1837లో చెక్ జాతీయుడగు పుర్కిన్యే చిన్నమెదడులో కూజాలవంటి పెద్దకణములను కనిపెట్టెను. కూజామెడనుండి బయలుదేరిన కొమ్మలు కొంతదూరము కనబడి, పిదప ఆ చిక్కులో మాయమయ్యెను.

కంటికి తుది కనబడనప్పుడు మనస్సు తానే యొక తుదిని కల్పించుకొనును. 1872 ప్రాంతమున గెర్లాక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, మెదడులోని పోగులన్నియు నొకదానితో నొకటి అతుకుకొని యొకే గొప్ప జాలముగా నేర్పడియున్నవని చెప్పెను. చెఱువునుండి బయలుదేరిన కాలువలు చీలి, కలిసి, మరల చీలినట్లు, నాడీశక్తి యా జాలమునందంతటను ఎడతెగక ప్రవహించుననుట ఆ వాదము. పండితులలో పలువురు దీని నంగీకరించిరి. అంగీకరింపనివారికి చూపదగిన సాక్ష్యము లేకపోయెను.

అప్పుడు రంగమున ప్రవేశించినవాడు కామిల్లో గోల్జి. ఇటలీదేశమున మిలాన్ పట్టణమునకు సమీపముననున్న అబ్బియాతెగ్రాస్సో యను నూరిలో, నయముకాని రోగులకై యేర్పడిన వైద్యశాలలో ఆయన వైద్యుడు. ప్రయోగశాల లేదు, సహాయకులు లేరు. తన బసలోని వంటయింటినే ప్రయోగశాలగా మార్చుకొని, పగటిపని ముగిసిన పిదప అచ్చట కూర్చుండి మెదడుముక్కలను పరీక్షించెడివాడు. 1873లో, అనగా ముప్పదియేండ్ల వయస్సున, ఆయన యొక యుపాయమును ప్రకటించెను. మెదడుముక్కను పొటాసియం డైక్రోమేట్ ద్రవములో కొన్నిదినములు నానవేసి గట్టిపఱచి, పిమ్మట సిల్వర్ నైట్రేట్ ద్రవములో ముంచవలెను. అంతట పసుపుపచ్చని నేలపై నల్లసిరాతో గీచిన చిత్రమువలె నాడీకణము మొదలంట, కొనకొమ్మవఱకు కానవచ్చును.

ఈ యుపాయములోని విశేషము రంగు పట్టుటలో లేదు; పట్టకపోవుటలో నున్నది. అన్ని కణములును నల్లబడినచో సూక్ష్మదర్శినిక్రింద సిరాబుడ్డి యొలికినట్లుండును గాని మఱేమియు కనబడదు. గోల్జి యుపాయమున నూటికి ఏ కొన్నియో మాత్రమే నల్లబడును, తక్కినవి తెల్లవారియుండును. దట్టమైన అడవిలో ఒక్క చెట్టు మాత్రమే వేరుమొదలు చివురుటాకువఱకు నల్లబడి, చుట్టునున్న చెట్లన్నియు గాజువలె మారిపోయినచో ఆ చెట్టు రూపము నెంత చక్కగా చూడవచ్చును!

గోల్జి చూచెను. నాడీకణములలో రెండు తెగలు గలవని గుర్తించెను. ప్రతికణమునుండియు పెక్కు చిన్నకొమ్మలును, ఒక పొడవైన తంతువును బయలుదేరును. చిన్నకొమ్మలను డెండ్రైట్లనియు, పొడవైనదానిని ఆక్సాన్ అనియు పిదప వ్యవహరించిరి. కొన్ని కణముల ఆక్సాన్ తన చోటు విడిచి దూరప్రదేశములకు పోవును. మఱికొన్నింటిది తన చుట్టుప్రక్కలనే చీలి ముగియును. దూరమునకు వార్త గొనిపోవువారును, వాడలోనే వ్యవహారము నడపువారును మెదడులో వేఱువేఱుగా నున్నారన్నమాట. ఇంతవఱకు ఆయన చూపు నిర్దుష్టము. కాని డెండ్రైట్లు కణమునకు ఆహారము నందించు వేళ్లవంటివనియు, ఆక్సాన్ల కొనలన్నియు కలిసి యొకే జాలమగుచున్నవనియు ఆయన నిశ్చయించెను. అతుకును ఆయన స్పష్టముగా చూపలేకపోయెను, ఉన్నదని నమ్మెను.

పదునాలుగేండ్లు గడచెను. 1887లో స్పెయిన్‌దేశపు రాజధానియగు మాడ్రిడ్ నగరమునకు పరీక్షాధికారిగా వచ్చిన యొక యువాచార్యుడు, సిమార్రో యను వైద్యుని యింట, గోల్జి పద్ధతిచొప్పున రంగువేసిన మెదడుముక్కను చూచెను. ఆ యువాచార్యుని పేరు సాంటియాగో రామోన్ ఇ కహాల్. ఈయన బాల్యము మన తల్లిదండ్రులు చదువదగినది. చిత్రలేఖనముపై మోజు, బడిపై ద్వేషము. పదునొకండేండ్ల ప్రాయమున స్వయముగా ఫిరంగి చేసి పొరుగువారి తలుపును పేల్చివేసి చెఱసాల కేగెను. తండ్రి వైద్యుడు; కుమారుని బొమ్మలపిచ్చిని మాన్పింపదలచి మంగలియొద్దను, చెప్పులు కుట్టువానియొద్దను పనికి పెట్టెను. ఏదియు ఫలింపలేదు. తుద కాయన కుమారుని శ్మశానమునకు తీసికొనిపోయి, అచ్చట దొరకిన యెముకలను చూచి బొమ్మలు గీయుమనెను. కుఱ్ఱవాడు గీచెను, గీచుచునే శరీరశాస్త్రము నేర్చెను. అణచదలచిన వ్యసనమే విద్యకు ద్వారమయ్యెను. మెదడును గూర్చి కహాల్ గీచిన చిత్రములను శాస్త్రజ్ఞు లీనాటికిని ఆదరముతో చూచుచున్నారు.

కహాల్ ఆ యేటనే బార్సిలోనా నగరమునకు ఆచార్యుడుగా వచ్చి పనికి పూనుకొనెను. గోల్జి పద్ధతి చపలమైనది. ఒకమాఱు పట్టిన రంగు మఱియొకమాఱు పట్టదు. కహాల్ ముక్కను రెండుమాఱులు ద్రవములలో ముంచి ఆ చాపల్యమును తగ్గించెను. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి. పెరిగిన మెదడులో ఆక్సాన్లపై కొవ్వుతో కూడిన తొడుగుండును. దానిపై రంగు పట్టదు. ఆ తొడుగింకను ఏర్పడని పక్షిపిల్లలను, గర్భస్థశిశువులను తీసికొని చూచినచో పోగు మొదలును తుదియు రెండును కానవచ్చును గదా యని ఆయన యోచించెను. మహావృక్షముల యడవిలో దారి తెలియనివాడు లేతమొక్కల తోటలో తిరిగి నేర్చుకొనుట వంటిదీ యుపాయము.

1888 మే నెలలో, తన సొంతసొమ్ముతో నచ్చొత్తించిన పత్రికలో, కహాల్ పక్షుల చిన్నమెదడును గూర్చి వ్రాసెను. పుర్కిన్యే కూజాకణములచుట్టును కొన్ని చిన్నకణముల ఆక్సాన్లు బుట్టవలె అల్లుకొనియున్నవి. మఱికొన్ని పోగులు చెట్టుమీది తీగవలె ఆ కణపు కొమ్మలపై ప్రాకుచున్నవని ఆయన యటుపిమ్మట చూచెను. బుట్ట కూజాను చుట్టుకొనును గాని కూజాలో కరగదు. తీగ చెట్టునంటియుండును గాని చెట్టు కాదు. ప్రతిపోగునకును స్వేచ్ఛగా ముగిసిన తుది కలదు, ప్రతికణమును ప్రత్యేకవ్యక్తి. మెదడు జాలము కాదు, వనము. ఇది కహాల్ తీర్పు. అదే కాలమున హిస్, ఫోరెల్ అను పండితులును వేఱు మార్గములచేత నిట్టి యభిప్రాయమునకే వచ్చియుండిరి. కాని కంటికి చూపినవాడు కహాల్.

చూపినను చూచువారేరి? స్పానిషుభాషలో వ్రాసిన శాస్త్రవిషయమును ఆనాడు ఐరోపాపండితులు చదువరు. దేశభాషలో వ్రాసినవాని కష్టము మన కెఱుకపడనిది కాదు. 1889 అక్టోబరున కహాల్ తన సూక్ష్మదర్శినిని మూటగట్టుకొని బెర్లిన్ నగరమున జరిగిన శరీరశాస్త్రసభకు పోయెను. అచ్చట పెద్దలలో పెద్దయగు కోలికర్ ఆచార్యుని బతిమాలి తన యుపకరణముచెంతకు తీసికొనివచ్చెను. కోలికర్ వయస్సు అప్పటికి 72 ఏండ్లు, జాలవాదమువైపు మొగ్గియుండినవాడు. ఆ వృద్ధుడు చూచెను. ఇంటికి పోయి తానును ఆ పద్ధతిచొప్పున పరీక్షించెను. నిజమేనని తేల్చుకొని తన పాత యభిప్రాయమును విడిచెను. అంతటితో నాగక, కహాల్ వ్రాతలను చదువుటకై స్పానిషుభాష నేర్చెను. డెబ్బదిదాటిన పండితుడు ఒక యువకుని మాటను తెలిసికొనుటకై క్రొత్తభాష నక్షరములనుండి నేర్చుటకంటె గొప్పవినయము మఱియేమి గలదు? 1891లో వాల్డెయర్ అను జర్మను పండితు డీ ప్రత్యేకకణమునకు న్యూరాన్ అని పేరు పెట్టెను. ఆ పేరే నేటికిని నిలిచియున్నది.

కణములు వేఱువేఱని తేలుటవలన కలిగిన లాభమేమి? జాలమే నిజమైనచో నాడీశక్తి అన్నివైపులకును ప్రవహించును. ఏ వార్త యే దారిని పోయెనో చెప్పుట దుర్లభము. కణములు వేఱైనచో దారులు గలవు. దారులున్నచో వానిని వెదకవచ్చును. కంటిలోని నేత్రపటలమును పరీక్షించిన కహాల్, వెలుతురు పడువైపు డెండ్రైట్లును, మెదడువైపు ఆక్సానును ఉండుట చూచి, వార్త డెండ్రైట్లచేత లోపలికి వచ్చి ఆక్సాన్‌చేత బయటికి పోవునని నిర్ణయించెను. ఊరిలో నిప్పంటుకొన్నప్పుడు జనులు బావినుండి వరుసగా నిలిచి, ఒకరిచేతినుండి యొకరు నీళ్లకుండల నందుకొందురు. కాలువనీటివలె గాక, ఈ కుండలవలె వార్త చేతులు మాఱుచు, ఒకేదిక్కుగా సాగుచున్నదని తేలెను.

చేతులు మాఱు చోటునకు పేరు పెట్టినవాడు ఇంగ్లాండు దేశీయుడగు షెరింగ్టన్. 1897లో ఆయన దానికి సినాప్స్ అను పేరు వాడెను. మనము దానిని నాడీసంధి యందము. అప్పటి కాసంధిని కన్నులార చూచినవారు లేరు. కాని నాడీతంతువులో వార్త పోవు వేగముకంటె, వెన్నుపామును దాటునపుడు వార్త ఆలస్యమగుచున్నదనియు, ఒకదిక్కుననే పోవుచున్నదనియు పరిశీలించి, నడుమ నొక గడప యుండితీరవలెనని ఆయన యూహించెను.

ఇప్పుడు మన యిల్లాలి చేతికి వత్తము. కాలినవ్రేలినుండి వార్త వెన్నుపామును చేరును. అచ్చట మధ్యవర్తికణ మొకటి దాని నందుకొని, చేతిని మడచు కండరపు నాడీకణమును ప్రేరేపించును. అదే సమయమున మఱియొక మధ్యవర్తి, చేతిని చాచు కండరపు నాడీకణమును "ఊరకుండు" మని వారించును. ఈ రెండవపని జరుగనిచో రెండు కండరములును ఒకదానితో నొకటి పెనగులాడును, చేయి కదలదు. కనుక ప్రేరేపించు కణములెంత ముఖ్యమో, వారించు కణములును అంతే ముఖ్యములు. మెదడునకు వార్త చేరి బాధ తెలియునప్పటికి వెన్నుపాము తన పని ముగించియే యుండును. అట్లని మెదడు కధికారము లేదనరాదు. తల్లి వేడిపాలగిన్నెను చేతబట్టుకొన్నప్పుడు క్రింద బిడ్డ కూర్చుండియున్నచో, చేయి కాలుచున్నను గిన్నెను విడువదు. పైనుండి వచ్చిన యాజ్ఞ వెన్నుపాము తొందరను ఆపివేయును. అందులకును కణములు గలవు, దారులు గలవు.

1906లో నోబెల్ బహుమానమును గోల్జికిని కహాల్‌కును సమముగా పంచియిచ్చిరి. స్టాక్‌హోమ్ నగరమున వారిరువురును మొదటిసారి కలిసికొనిరి. డిసెంబరు 11వ తేదీన గోల్జి యుపన్యసించెను. తన పద్ధతిచేతనే స్థాపితమైన న్యూరాన్ సిద్ధాంతమును ఆ సభలోనే ఆయన ఖండింప బూనెను, జాలవాదమును విడువలేదు. మఱునాడు కహాల్ తన వాదమును వినిపించెను. ఒకే రంగు, ఒకే యుపకరణము, ఒకే బహుమానము. చూపులు మాత్రము రెండు.

గోల్జిని పరిహసించుట మా యుద్దేశము కాదు. ఆయన సామాన్యుడు కాడు. కణములలో ఆయన కనిపెట్టిన యొక భాగము నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నది. మలేరియాజ్వరపు వంతులకును, రక్తములోని క్రిముల పెరుగుదలకును గల సంబంధమును వెల్లడించినవారిలో ఆయన ముఖ్యుడు. ఆ క్రిమిని దోమకడుపులో రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికిందరాబాదులో, 1897లో. మెదడంతయు నొక్కటిగా పనిచేయును గాని ముక్కలుముక్కలుగా కాదని గోల్జి గాఢముగా నమ్మెను. ఆ నమ్మకములో గొంత సత్యము లేకపోలేదు. కాని నమ్మకము సాక్ష్యమునకు ముందు నడచెను. 1873లో అందఱికంటె ముందు చూచిన కన్ను, 1906లో అందఱును చూచినదానిని చూడనొల్లకపోయెను. 1926లో ఆయన స్వర్గస్థుడగువఱకును ఆ యభిప్రాయము మాఱలేదు.

దీనికి సరిగా ఎదురుగా నిలుచు వృత్తాంత మొకటి కలదు. నాడీసంధిలో వార్త యెట్లు దాటునన్నది తరువాతి వివాదము. విద్యుత్తుగా దుమికి పోవునని కొందఱును, రసాయనద్రవ్యముగా మాఱి పోవునని కొందఱును వాదించిరి. 1921లో ఆటో లోవీ యను నాచార్యుడు, ఒక కప్పగుండె వేగమును తగ్గించు నాడిని ప్రేరేపించి, ఆ గుండెచుట్టునున్న ద్రవమును మఱియొక కప్పగుండెపై పోయగా, అదియు మెల్లనయ్యెనని చూపెను. నాడి విడుచు ద్రవ్యమే వార్తాహరి యని గుండె విషయమున తేలెను. ఈ పరిశోధనలకు లోవీయు, హెన్రీ డేలును 1936లో నోబెల్ బహుమానము నందిరి.

మెదడునందును వెన్నుపామునందును మాత్ర మట్లు కాదు, అచ్చట విద్యుత్తే దాటునని గట్టిగా వాదించినవాడు షెరింగ్టన్ శిష్యుడును, ఆస్ట్రేలియా దేశీయుడును నగు జాన్ ఎక్లెస్. ఆయన 1945 ప్రాంతమున న్యూజీలాండులో కార్ల్ పాపర్ అను తత్త్వవేత్తతో పరిచయము కలిగించుకొనెను. నీ వాదము తప్పైనచో ఏ పరీక్షచేత తప్పని తేలునో ముందుగా స్పష్టముగా చెప్పుమని పాపర్ ఆయనకు బోధించెను. ఎక్లెస్ అట్లే చేసెను. 1951లో డునెడిన్ నగరమున, ఇరువురు సహచరులతో గూడి, వెండ్రుకకంటె సన్నని గాజునాళమును పిల్లి వెన్నుపాములోని యొక్క నాడీకణము లోపలికి దింపి, వారించు వార్త వచ్చినప్పుడు లోపలి విద్యుత్తు ఎటు మొగ్గునో కొలిచెను. తన వాదము ప్రకారము ఎటు మొగ్గవలెనో, దాని కెదురుగా మొగ్గెను. ఎక్లెస్ పదునైదేండ్లకు మించి పోషించిన వాదమును అంతటితో విడిచి, ప్రతిపక్షమువారి మాటయే నిజమని ప్రకటించెను. ఆయన కందువలన నష్టము కలుగలేదు. క్రొత్తదారిని పనిచేసి 1963లో నోబెల్ బహుమానము నందెను.

ఎక్లెస్ మొదలగువారు పిమ్మట చిన్నమెదడులోని వలయములను శోధించిరి. కహాల్ 1888లో చూచిన బుట్టకణములు కూజాకణమును వారించునవని 1960 దశకమున తేలెను. ఎక్లెస్‌యొద్ద పనిచేసిన మసావో ఇటో యను జపానుదేశీయుడు, లక్షకు పైగా సంధులచేత వార్తల నందుకొను నా కూజాకణముసైతము తాను చేయుపని వారించుటయే యని చూపెను. చిన్నమెదడుపొరనుండి వెలువడు తీర్పంతయు "వల" దనుటయే! కలుపు తీయుటచేత పైరు నిలిచినట్లు, అనవసరమైన కదలికను అణచుటచేతనే నడకకు తీరును, చేతికి నేర్పును కలుగుచున్నవి.

1950 దశకమున ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినివచ్చి, కణములనడుమ సన్నని యెడము కలదని కంటికి చూపెను. కహాల్ 1934లోనే గతించినందున దానిని చూడలేదు. అంతటితో జాలవాదము ముగిసెనని తోచును. కాని 1959లో ఫర్ష్‌పాన్, పాటర్ అను నిరువురు, రొయ్యజాతి జంతువొకదానిలో, విద్యుత్తు నేరుగా దాటు సంధి యున్నదని చూపిరి. అట్టి సంధులు మన మెదడులోను గలవు. అచ్చట రెండు కణములు సూక్ష్మమైన నాళములచేత కలిసియుండును. కణములు వేఱనుట సత్యమే. కొన్నిచోట్ల వానినడుమ తలుపులు తెఱచియున్నవనుటయు సత్యమే. ఎక్లెస్ విడిచిన వాదములో కొంతయు, గోల్జి విడువని వాదములో కొంతయు ఈ విధముగా నిలిచెను. కాబట్టి గెలిచినవారు గర్వింపదగిన కథ కాదిది.

ఇక సంఘసంస్కారమునకు సంబంధించిన మాట యొకటి చెప్పి ముగింతుము. కహాల్ ఆ మెదడుముక్కను చూచిన 1887లోనే, రోమేన్స్ అను నాంగ్లశాస్త్రజ్ఞుడు స్త్రీపురుష బుద్ధిభేదములను గూర్చి వ్యాసము వ్రాసెను. స్త్రీ మెదడు పురుషుని మెదడుకంటె సగటున ఐదు ఔన్సులు తేలికయనియు, కనుక ఆమె బుద్ధియు తక్కువ యనియు నందలి వాదము. ఆనాడు మెదడును తక్కెడలో తూచి మనుష్యుల విలువ కట్టినవారు పెక్కుమంది. కహాల్ స్త్రీలపక్షమున వాదించుటకై సూక్ష్మదర్శినిచెంత కూర్చుండలేదు. అయినను ఆయన చూపినదానితో ఆ తక్కెడ కాలు విఱిగినది. మెదడు శక్తి బరువులో లేదు. కణముల సంఖ్యలో, తెగలలో, అవి యొకదానినొకటి తాకు తీరులో నున్నది. ఏనుగు మెదడు మన మెదడునకు సుమారు మూడింతల బరువు. 2014లో ప్రకటింపబడిన లెక్కచొప్పున, దాని పెద్దమెదడుపొరలో నాడీకణములు సుమారు 560 కోట్లు. మనకు సుమారు 1,600 కోట్లు. మొత్తము మనుష్యుని మెదడులో సుమారు 8,600 కోట్ల కణములు గలవని 2009లో లెక్కించిరి. అందు పెక్కుపాలు చిన్నమెదడులోనే యున్నవి.

మఱియు నీ సంధులు రాతిపై చెక్కిన వ్రాత కాదు. అభ్యాసముచేత కణములనడుమ సంబంధములు పెంపొందవచ్చునని కహాల్ 1894లో లండను రాయల్ సొసైటీయందలి యుపన్యాసముననే సూచించెను. 1973లో బ్లిస్, లోమో అను నిరువురు, కుందేలు మెదడులో ఒకదారిని పలుమాఱులు ప్రేరేపించినచో ఆ దారిలోని సంధులు బలపడి, ఆ బలము చాలసేపు నిలుచునని చూపిరి. తలలో రాత యున్నమాట నిజమే; కాని ఆ రాతను దినదినము దిద్దు చేతులలో మన చేతులును గలవు. బాలికకు చదువు చెప్పింపక, ఆమె తలలో చదువు లేదనుట, విత్తనము చల్లక నేలను నిందించుట వంటిది.

అంతమాత్రమున మెదడు రహస్య మంతయు తెలిసినదని చెప్పము. 302 నాడీకణములు మాత్రమే గల యొక చిన్నపురుగు నాడీపటమును 1986లో పూర్తిగా ప్రకటించిరి. ఆ పురుగు ప్రవర్తన యంతయు నేటికిని బోధపడలేదు. 2024లో పెరిగిన పండ్ల యీగ మెదడు పటము వెలువడెను. గసగసగింజయంత మెదడులో 1,39,255 కణములు, ఎనిమిదివేలకు పైగా తెగలు! పటము చేతికి వచ్చుట వేఱు. ఊరిలోని బ్రదుకును తెలిసికొనుట వేఱు. మన మెదడు విషయమున ఆ పటమును లేదు.

మేము చెప్పదలచిన దొక్కటే. ఆచారమును గూర్చియు, విద్యను గూర్చియు, కులమును గూర్చియు మన యిండ్లలో నిత్యము వాదములు జరుగుచున్నవి. ప్రతివాదమునందును మనలో నొక గోల్జి యుండును: తానే తెచ్చిన దీపము చూపినదానిని తాను చూడనొల్లడు. వానిని ద్వేషింపవలదు, వాని దీపము మన కుపకరించినది. కాని స్పానిషు నేర్చిన కోలికర్‌ను, తన కొలతకు తాను తలయొగ్గిన ఎక్లెస్‌ను తలచుకొందము. నీవు చెప్పునది తప్పని యేది చూపినచో ఒప్పుకొందువని యితరుల నడుగుటకు ముందు, ఆ ప్రశ్నను మనకు మనమే వేసికొందము. జవాబు దొరకనిచో, అది యభిప్రాయము కాదు, పట్టుదల మాత్రమే యని గ్రహింతము.